ఆసుపత్రికి తోడొచ్చే మనిషి: శ్రీకాకుళం పీర్ నావిగేటర్ సేవపై సమీక్ష

శ్రీకాకుళం పట్టణంలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఒంట్లో బాగులేకపోతే ఆసుపత్రికి వెంట వచ్చి, ఓపీ చీటీ తీయించడం మొదలుకొని మందులు చేతికి వచ్చేదాకా దగ్గరుండి చూసుకునే ఉచిత సేవ ఒకటి కొంతకాలంగా నడుస్తోంది. నడిపేది ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ. వెంట వచ్చేవారిని పీర్ నావిగేటర్లు అంటున్నారు. వారూ ట్రాన్స్ వ్యక్తులే, ఇదే జిల్లావారే, ఆసుపత్రి గుమ్మం దగ్గర మనకు ఎదురయ్యే చూపులూ మాటలూ ముందే పడ్డవారే. పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవలసి వచ్చినప్పుడు నేను ఈ సేవను మొదటినుంచి చివరిదాకా వాడుకున్నాను. చాలావరకు బాగుంది, కొన్నిచోట్ల బాగులేదు. వాడుకోబోయేవారికి రెండూ తెలియాలని ఈ సమీక్ష రాస్తున్నాను. నంబరు బయటపడితే అర్ధరాత్రి ఆకతాయిల ఫోన్లు మొదలవుతాయని వారు కోరినందువల్ల సంస్థ పేరు ఇవ్వడం లేదు. కావలసినవారు జిల్లాలో మా సమాజపు పెద్దలైన ఏ గురువుగారిని అడిగినా నంబరు దొరుకుతుంది.

రోగికి తోడుగా ఒక మనిషిని పెట్టే పద్ధతి 1990లో న్యూయార్క్‌లోని హార్లెంలో మొదలైంది. పేదవారికి క్యాన్సర్ ఉందేమోనన్న అనుమానం కలగడానికీ, అసలు చికిత్స మొదలవడానికీ మధ్య కాలమంతా కాగితాలకూ, ఖర్చులకూ, భయానికీ హరించుకుపోతోందని హెరాల్డ్ ఫ్రీమన్ అనే శస్త్రవైద్యుడు గమనించి, ఆ మధ్యకాలంలో రోగిని చెయ్యి పట్టుకుని నడిపించే కార్యకర్తలను నియమించారు. ట్రాన్స్ వ్యక్తుల విషయంలో రోగి తప్పిపోయేది అంతకంటే ముందే, ఓపీ కౌంటర్ దగ్గరే. వెనకాల వరుసలో నవ్వు వినపడగానే నొప్పి ఓర్చుకుని ఇంటికి వెళ్లిపోయి, మెడికల్ షాపులో ఏదో మాత్ర అడిగి వేసుకునేవారు మాలో ఎందరో ఉన్నారు. కాబట్టి ఈ సేవ మంచిదా కాదా అన్నది ముందుగా ఆ కౌంటర్ దగ్గరే తేలాలి.

అక్కడ మా నావిగేటర్ పనితనం నాకు నిజంగా నచ్చింది. ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో గోడకు అంటించిన క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆభా అనే డిజిటల్ ఆరోగ్య ఖాతాలోని వివరాలు నేరుగా కౌంటర్ కంప్యూటర్‌లోకి వెళ్లి టోకెన్ వస్తుంది. అందరికీ అది సౌకర్యమే. ఆధార్‌లో ఇంకా పాత పేరు ఉన్న ట్రాన్స్ మహిళకు మాత్రం, చీర కట్టుకుని కూర్చున్న చోట మగపేరు మైకులో వినబడుతుంది. లేచి నిలబడితే హాలంతా తిరిగి చూస్తుంది, నిలబడకపోతే వంతు పోతుంది. మా నావిగేటర్ ముందురోజే ఫోన్‌లో నా ఆధార్‌లో ఏ పేరుందో, నన్ను ఏ పేరుతో పిలవాలో, రెండూ అడిగి తెలుసుకున్నారు. ఉదయం కౌంటర్‌లో ఉన్న ఉద్యోగితో ముందే మాట్లాడి, నన్ను పేరుతో కాకుండా టోకెన్ అంకెతో పిలిచేలా చేశారు. చీటీ పైన కుడివైపు ఖాళీలో నా పేరు పెన్సిల్‌తో రాసిపెట్టారు; డాక్టరు గదిలో నర్సు ఆ పెన్సిల్ రాత చూసి ఆ పేరుతోనే లోపలికి పిలిచింది. కంప్యూటర్‌లో మార్చలేనిదాన్ని పెన్సిల్‌తో సర్దడం ఏ శిక్షణ పుస్తకంలోనూ ఉండదనుకుంటాను.

ఆవిడ ఒకప్పుడు హెచ్ఐవీ నివారణ కార్యక్రమంలో పీర్ ఎడ్యుకేటర్‌గా, అంటే తోటివారికి అవగాహన కల్పించే కార్యకర్తగా చేసినవారు, అంతకుముందు పలాస వైపు వెళ్లే రైళ్లలో అడుక్కుని బతికినవారు. మనిషి గట్టి. నేను స్కానింగ్ గది ముందు వెనకాడుతుంటే, "ఏటమ్మా, అలాగ బయపడిపోతన్నావు? నానున్నాను గదా, పద" అని ముందు నడిచారు. లోపల ఉన్న టెక్నీషియన్‌తో మాత్రం గొంతు పూర్తిగా మార్చి, రోగికి కడుపు పైభాగం స్కానింగ్ మాత్రమే రాశారని, చీర ఎంతవరకు తీయాలో అంతవరకే చెప్పండని, తలుపు దగ్గర తెర వేయమని మర్యాదగా, తడబడకుండా చెప్పారు. అనవసరంగా ఒళ్లు చూడాలన్న కుతూహలం మా అందరికీ తెలిసిన బాధే. గతంలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో జ్వరానికి వెళితే ముందు నా లింగ మార్పిడి 'ఆపరేషన్' గురించి అడిగారు. జ్వరం ఎన్ని రోజుల నుంచి అన్న ప్రశ్న అటుతర్వాత వచ్చింది.

ఈ సేవ విలువ మర్యాద దగ్గరే ఆగిపోలేదు, చికిత్సలోనూ కనపడింది. దీనికి ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెప్పాలి. శస్త్రచికిత్సకు ముందు చేసిన రక్తపరీక్షలో నా హిమోగ్లోబిన్ 12.4 వచ్చింది. చీటీలో లింగం 'పురుషుడు' అని ఉన్నందువల్ల ల్యాబ్ యంత్రం దాన్ని మగవారి ప్రమాణంతో పోల్చి 'తక్కువ' అని గుర్తు పెట్టింది. జూనియర్ డాక్టరు రక్తహీనత అనుకుని ఐరన్ మాత్రలు రాసి, కారణం తేలేదాకా ఆపరేషన్ వాయిదా వేద్దామన్నారు. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ వాడుతున్నవారిలో, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తగ్గిపోవడం వల్ల హిమోగ్లోబిన్ ఆడవారి స్థాయికి దిగుతుంది; ఆడవారి ప్రమాణంతో చూస్తే 12.4లో లోపమేమీ లేదు. నావిగేటర్ డాక్టరు కాదు, వాదించలేదు. హార్మోన్ మాత్రలు వాడుతున్న సంగతి కేసు షీటులో లేదని, పెద్ద డాక్టరుగారికి ఒకసారి చూపిస్తే బాగుంటుందని మాత్రమే అన్నారు. పెద్ద డాక్టరు షీటు చూసి వాయిదా అక్కరలేదని నిర్ణయించారు. ఇంటి దగ్గర జాకెట్లు కుట్టి బతికే నాకు ఆపరేషన్ వెనక్కి పోతే దానివెంట పెళ్లిళ్ల సీజను కూడా పోతుంది కాబట్టి ఆ ఒక్క మాట ఖరీదు నాకు బాగా తెలుసు.

మత్తు డాక్టరుకు హార్మోన్ల సంగతి చెప్పించినది కూడా ఆవిడే. ఈస్ట్రోజెన్ నోటి మాత్రల రూపంలో వాడేవారికి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం కొంత పెరుగుతుంది, ఆపరేషన్ తరువాత కదలకుండా పడుకోవడంవల్ల అది ఇంకొంత పెరుగుతుంది. మాత్రలు ఆపాలా, కొనసాగించాలా అన్నది వాడే మందునుబట్టి, మనిషినిబట్టి డాక్టరు తేల్చవలసిన విషయం. ఆ సంగతి అసలు డాక్టరు చెవిన పడాలి కదా! మాలో చాలామంది దాన్ని దాస్తారు, ఎందుకంటే చెబితే తిడతారని భయం. దాచేవారిలో ఎక్కువమంది వాడేది గర్భనిరోధక మాత్రలు. వాటిలో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజెన్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు మరీ ఎక్కువ కనుక ట్రాన్స్ మహిళలకు వాటిని వైద్యులు సిఫారసు చేయరు. అయినా చీటీ లేకుండా, ప్రశ్నలు లేకుండా, చవకగా దొరికేవి అవే.

ఇంకొక మంచి అలవాటు మా జిల్లాకే చెందినది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస వైపు ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఎంత విస్తారంగా ఉందో అందరికీ తెలుసు. దానికోసమే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మగ హార్మోన్ ప్రభావాన్ని తగ్గించడానికి ట్రాన్స్ మహిళలకు తరచుగా రాసే స్పైరనోలాక్టోన్ అనే మందు రక్తంలో పొటాషియం పెంచుతుంది, మూత్రపిండాలు సరిగా లేనివారికి అది ప్రమాదం. అందుచేత ఉద్దానం నుంచి వచ్చినవారు హార్మోన్ చికిత్స కోసం విశాఖపట్నం వెళ్లడానికి బయలుదేరితే, వెళ్లేముందే ఇక్కడ క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్షలు చేయించి ఆ కాగితం చేతిలో పెట్టి పంపడం ఈ నావిగేటర్లు నియమంగా పెట్టుకున్నారు. సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణం చేసి వెళ్లాక 'ముందు రక్తపరీక్ష తీసుకురండి' అనిపించుకుని తిరిగి రావడం తప్పుతుంది. ఊరు ఎరిగినవారే ఆ పని చేయగలరు.

ఇక బాగులేని సంగతులు.

వార్డులో పడక దగ్గర సేవ పట్టు సడలింది. నన్ను మగవారి వార్డులో వేయాలని రికార్డు అంటుంది, వేయకూడదని మనిషిని చూస్తే తెలుస్తుంది. నావిగేటర్ పగలంతా తిరిగి, ఆడవారి వార్డు చివర గోడవైపు పడక ఇప్పించి, పక్క పడకల వారితో తానే మాట కలిపి, వారి మనవరాళ్ల పేర్లు అడిగి, కాసేపట్లో వాతావరణం తేలిక చేశారు. సాయంత్రం ఆరు దాటాక ఆవిడ డ్యూటీ అయిపోయింది. రాత్రి షిఫ్టులోకి వచ్చిన వార్డు సిబ్బందిలో ఒకరు చీటీలో 'పురుషుడు' అని చూసి, నన్ను మంచంతో సహా వరండాలోకి మార్పించారు. కడుపుకు కుట్లు ఉన్న మనిషి వరండాలో దోమల మధ్య తెల్లవార్లూ పడుకున్న తరువాత, పొద్దున్న నావిగేటర్ వచ్చి అందరితో మాట్లాడితే పడక తిరిగి వచ్చింది. ఆసుపత్రి మారలేదు, ఆవిడ ఉన్నంతసేపు మారినట్టు కనిపించిందంతే. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2020 జనవరి 10 నుంచి అమలులో ఉంది. ఆరోగ్య సేవల్లో వివక్షను అది నిషేధిస్తుంది, వైద్యవిద్య పాఠ్యాంశాలను సమీక్షించాలని దాని 15వ సెక్షన్ చెబుతుంది. వార్డులో ఎవరిని ఎక్కడ పడుకోబెట్టాలో రాతపూర్వకమైన ఆదేశం ఒక్కటి గోడకు అంటించి ఉంటే రాత్రి షిఫ్టువారు కూడా దానికే కట్టుబడేవారు. ఆ ఆదేశం కోసం ఒత్తిడి తేవడం ఈ సంస్థ పనుల్లో కనబడలేదు. మంచి మాటతో, పరిచయాలతో పని జరిపించుకోవడం వారి బలం. ఆ బలమే వారిని రాతకోతల జోలికి పోకుండా చేస్తోందని నా అభిప్రాయం.

రెండో లోపం ట్రాన్స్ పురుషుల (ఆడపిల్లలుగా పుట్టి మగవారిగా బతికేవారి) విషయంలో. జిల్లాకంతటికీ ఉన్న నావిగేటర్లు ఇద్దరే, ఇద్దరూ ట్రాన్స్ మహిళలే, ఇద్దరూ హెచ్ఐవీ కార్యక్రమాల నుంచి వచ్చినవారే. అలా జరగడానికి కారణం లేకపోలేదు: జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2017 గణాంకాల్లో వయోజనులందరిలో హెచ్ఐవీ 0.22 శాతం ఉంటే, హిజ్రా, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్లో 3.14 శాతం ఉంది; డబ్బు, శిక్షణ, కార్యకర్తలు అటే ఎక్కువగా వెళ్లాయి. ఫలితంగా రక్తపరీక్షా కేంద్రంలో వీరికి ప్రతి ఒక్కరూ తెలుసు, స్త్రీల విభాగంలో ఎవరూ తెలియదు. పాలకొండ వైపు నుంచి వచ్చిన ఒక ట్రాన్స్ కుర్రవాడు విపరీతమైన కడుపునొప్పితో స్త్రీల విభాగానికి వెళితే, గడ్డం ఉన్న మనిషికి అక్కడేం పనని గుమ్మం దగ్గరే ఆపేశారు. టెస్టోస్టెరాన్ వాడుతున్నా గర్భాశయం, అండాశయాలు ఉన్నంతకాలం వాటి జబ్బులు వస్తాయనీ, ఆ మందు గర్భనిరోధకం కాదనీ, దాన్ని వాడేవారికి రక్తం చిక్కబడుతుందేమో అప్పుడప్పుడు చూసుకోవాలనీ గుమ్మం దగ్గర నిలబడి ఎవరికి చెప్పాలి? మా నావిగేటర్ వెళ్లి లోపలికి పంపించగలిగారు గానీ, లోపల ఆ కుర్రవాడు తన నెలసరి గురించి ఆవిడ ముందు నోరు విప్పలేదు. 'అమ్మా' అని పిలిచే మనిషి ముందు సిగ్గుపడ్డాడు. ఇంకో ట్రాన్స్ పురుషుడు తోడు ఉంటే విప్పేవాడేమో. ఒక నావిగేటర్‌గా ట్రాన్స్ పురుషుణ్ణి తీసుకోవడం ఈ సంస్థ అన్నిటికంటే ముందు చేయవలసిన పని.

గోప్యత గురించి కూడా చెప్పాలి. మా సమాజం చిన్నది. నావిగేటర్ ఎవరికో ఒకరికి చేలా (శిష్యురాలు), మరెవరికో గురుబంధువు. తన రిపోర్టు జమాత్‌కు, అంటే మా సమాజపు పెద్దల సభకు, చేరుతుందేమోనన్న భయంతో ఈ సేవను వాడనివారు నాకు తెలుసు. నా అనుభవంలో ఆవిడ నోరు జారలేదు. నా విషయమే కాదు, నేను కదిలించి అడిగినా ఇంకొకరి విషయమూ చెప్పలేదు. హెచ్ఐవీ ఫలితాన్ని అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధిస్తుందన్న సంగతి వారి శిక్షణలో భాగమట. అయినా భయమున్నవారికి వేరే దారి ఉండాలి, ఇద్దరే ఉన్నచోట ఆ దారి సన్నగా ఉంది.

ఇంకొక చిన్న ఫిర్యాదు. డాక్టర్లు నన్ను వదిలి ఆవిడతో మాట్లాడటం మొదలుపెట్టారు. 'ఈమెకు మధుమేహం ఉందా?' అని నా ముందే ఆవిడను అడిగారు, ఆవిడ జవాబు చెప్పేశారు కూడా. నొప్పితో ఉన్న రోజు అది ఉపకారమే. మామూలు రోజున మాత్రం నావిగేటర్ పక్కకు తప్పుకుని, 'ఆమెనే అడగండి' అంటే బాగుంటుంది. ఈ సంగతి ఆవిడతో అంటే నవ్వి, "నిజమే, నాకు నోరు ఆగదు" అన్నారు. తరువాతి ఓపీలో కొంచెం ఆగింది.

కాగితాల పనిలో మళ్లీ వీరికి మంచి మార్కులే ఇవ్వాలి. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు ధ్రువపత్రానికి 2020 నవంబరులో మొదలైన జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, జిల్లా కలెక్టర్ ఇస్తారు. ఆ పత్రం వస్తే ఆధార్‌లో పేరు మార్పుకు ఆధారం దొరుకుతుంది, రాష్ట్రంలో నెలకు 4,000 రూపాయల పింఛనుకు దారి ఏర్పడుతుంది. 2022 ఆగస్టులో కుదిరిన ఒప్పందంతో ప్రకటించిన ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ అనే కేంద్ర పథకం కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స, లింగ మార్పిడి శస్త్రచికిత్సలతో సహా, ఇస్తామన్న హామీకి కూడా ఈ పత్రమే మూలం. ఎన్టీఆర్ వైద్యసేవ కుటుంబాన్ని లెక్కలోకి తీసుకునే పథకం, ఇంట్లోంచి గెంటేసిన మనిషి పేరు ఏ కుటుంబ కార్డులో ఉంటుంది? అందుకే వ్యక్తి పేరున వచ్చే పథకం మాకు ముఖ్యం. నావిగేటర్లు దరఖాస్తు తమ ఫోన్‌లోనే నింపి, ఫొటో తీసి, రశీదు మన వాట్సాప్‌కు పంపుతారు. అయితే టీజీ ప్లస్ కార్డు ఏ ఆసుపత్రిలో ఏ చికిత్సకు చెల్లుతుందో అడిగితే వారి దగ్గర స్పష్టమైన జవాబు లేదు, చెల్లుతుందని ఆశపెట్టనూ లేదు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఈ సేవ ఎంతకాలం ఉంటుందన్నది అందరూ అడిగే ప్రశ్న. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్ దేశంలోనే ట్రాన్స్ వ్యక్తుల కోసం సమగ్రంగా పెట్టిన తొలి క్లినిక్‌గా పేరు తెచ్చుకుంది, అమెరికా సాయం నిలిచిపోవడంతో 2025 జనవరిలో మూతపడింది, కొన్ని నెలల తరువాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరున మళ్లీ తెరుచుకుంది. అంత పేరున్నదానికే ఆ గతి పడితే, ఇద్దరు మనుషులూ రెండు ఫోన్లూ ఉన్న మా ఊరి సేవ సంగతి ఊహించవచ్చు. ఆ ఇద్దరి జీతాలూ ఏడాదికోసారి పొడిగించే ప్రాజెక్టు నిధుల మీదే నడుస్తున్నాయి. ఆసుపత్రిలో హెల్ప్‌డెస్క్ ఉద్యోగాలుగా వీటిని ప్రభుత్వమే తీసుకుంటే రాత్రి షిఫ్టుకు కూడా ఒకరు ఉండే వీలుంటుంది.

వాడుకోదలచినవారు ముందురోజు సాయంత్రంలోపు ఫోన్ చేయాలి; సోమవారం ఓపీలో రద్దీ విపరీతం, ఆ రోజు ఇద్దరూ ముందే ఖరారై ఉంటారు. ఆధార్, ఉంటే ధ్రువపత్రం, పాత రిపోర్టులు, వాడుతున్న మందుల ఖాళీ పట్టీలు, మెడికల్ షాపులో అడిగి కొన్నవి కూడా, తీసుకెళ్లండి. ఆమదాలవలసలో రైలు దిగి వచ్చేవారు బండి పేరు చెబితే ఆ సమయాన్నిబట్టి ఆసుపత్రి గేటు దగ్గర ఎదురుచూస్తారు. ఆపరేషన్‌కు చేరేవారు మాత్రం రాత్రికి సొంత మనిషిని ఒకరిని తోడు పెట్టుకోండి, పడక కేటాయించిన కాగితం ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. రాత్రిపూట నన్ను వరండాలోకి మార్చినప్పుడు చూపించడానికి నా దగ్గర అది లేదు.